తగువు ఎక్కడుందో అక్కడ చదువు

భిలాయి, సెక్టార్ 6

చి. అమ్మలుకు,

అమెరికన్ సాహిత్యం మీద నువ్వు రాసిన సెమినార్ పేపరు వాట్సాప్‌లో అందింది. ఫోన్లో అక్షరాలు ఆనక, సుపేలాలో ప్రింటు తీయించుకుని తీరిగ్గా చదివాను. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నీ ఇంగ్లీషు నాకు అసూయ కలిగించింది. కథ మాత్రం కుదరలేదు తల్లీ.

నువ్వు చెప్పిన కథ ఇది. 1620లో ప్లిమత్‌లోనూ, 1630లో బోస్టన్ దగ్గరా ప్యూరిటన్లు దిగారు. వాళ్లకి నాటకం గిట్టదు, అలంకారం గిట్టదు, చివరికి క్రిస్మస్ పండగ చేసుకోవడం కూడా గిట్టదు. కాబట్టి వాళ్ల హయాం అంతా ఎడారి. తర్వాత హేతువాదం వచ్చింది, ఆ తర్వాత కాల్పనికవాదం వచ్చింది, అప్పుడు గాని సాహిత్యం పుట్టలేదు. గళ్లు గీసి ఒక్కో గడిలో ఒక్కో వాదం పెట్టావు. పరీక్షకి సరిపోతుంది, మార్కులూ పడతాయి. కానీ ఆ పట్టిక పట్టుకుని నవలాకారుడు హాథార్న్ దగ్గరికి వెళ్తే, ఆయన ఎవరితో తగువు పడుతున్నాడో నీకు కనబడదు.

నియమం కఠినమైతే కళ చచ్చిపోతుందన్నది నీ మొదటి వాక్యం. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి పెరిగినదానివి నువ్వే ఈ మాట ఎలా రాశావు? గురు ఘాసీదాస్ సత్నామీలకు ఏం చెప్పాడు? మాంసం ముట్టొద్దు, కల్లూ సారా వద్దు, విగ్రహానికి మొక్కొద్దు అన్నాడు. ఇంతకంటే కఠినం ఏముంటుంది? ఏటా డిసెంబరు 18న, ఆయన జయంతి రోజున, తెల్లజెండా ఎగిరే జైత్‌ఖాం స్తంభం చుట్టూ మాందర్ డోలు దరువు మీద పంథీ నాట్యం ఆడేది ఆ శిష్యులే కదా. కాళ్లకి గజ్జెలు కట్టుకుని ఒకరి మీద ఒకరు నిలబడి గోపురంలా లేస్తారే, చిన్నప్పుడు మీ నాన్న భుజం ఎక్కి చూసేదానివి. పాట ఆ నియమంలోంచే పుట్టింది.

సరే, ప్యూరిటన్ల దగ్గరికి వద్దాం. వాళ్లు కవిత్వం రాయలేదా? ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కవితలు 1650లోనే లండన్‌లో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ టేలర్ అనే పల్లెటూరి పాస్టరు బతికున్నంతకాలం రాసుకుంటూనే ఉన్నాడు. ఆ కాగితాలు 1937లో యేల్ గ్రంథాలయంలో బయటపడేదాకా ఆయన కవి అని లోకానికి తెలియదు. అయితే ఈ పేర్లు చేర్చి పేపరు నింపమని నేను చెప్పడం లేదు. వాళ్లు తర్వాతివాళ్లకి ఒక చూపు అలవాటు చేసి వెళ్లారు, అది పట్టుకో.

ఒక ఎలుక కథ చెప్తాను. మసాచుసెట్స్ గవర్నరు జాన్ విన్‌త్రాప్ తన దినచర్యలో 1640లో రాసుకున్నది. ఆయన కొడుకు దగ్గర ఒకే బైండులో కుట్టిన మూడు పుస్తకాలున్నాయి: గ్రీకు కొత్త నిబంధన, కీర్తనలు, ఇంగ్లండు చర్చివాళ్ల ప్రార్థనల పుస్తకం. గదిలో వెయ్యికి పైగా పుస్తకాలుంటే, ఎలుక వచ్చి ఆ ప్రార్థనల పుస్తకాన్నే ఆకు వదలకుండా కొరికేసి, మిగతా రెంటినీ ముట్టుకోలేదట. ఆ ప్రార్థనల పుస్తకమంటే ప్యూరిటన్లకి పడదు. గవర్నరుగారు దీన్ని చిన్న సంగతిగా వదిలెయ్యలేదు, బుద్ధిగా రాసిపెట్టుకున్నాడు. ఎలుక కొరకడంలోనూ దేవుడి సంజ్ఞ వెతికే జనం వాళ్లు. పంట పోయినా, బిడ్డ చచ్చినా, పిడుగు పడినా అది నాకే చెప్పిన మాట అనుకుని రాత్రిపూట కూర్చుని లోపలంతా తవ్వుకునేవారు.

ఇప్పుడు హాథార్న్ దగ్గరికి రా. 1850లో వచ్చిన ‘ది స్కార్లెట్ లెటర్’ పన్నెండో అధ్యాయం. నడిరాత్రి, ఊరి మధ్య శిక్షలు వేసే తిన్నె మీద, చేసిన తప్పు బయటికి చెప్పుకోలేని పాస్టరు డిమ్స్‌డేల్ నిలబడి ఉంటాడు. ఆకాశంలో ఉల్క ఒకటి మెరుస్తుంది. ఆ వెలుగులో ఆయనకి ‘అడల్టరీ’ని సూచించే ఎర్రని ‘ఏ’ అక్షరం కనిపిస్తుంది. తన పాపం ఆకాశమంతా రాసి ఉందనుకుంటాడు. తెల్లారాక చర్చి నౌకరు వచ్చి, రాత్రి గవర్నరు పోయారు, దేవదూత, అంటే ‘ఏంజెల్’, అయ్యారని గుర్తుగా ఆ అక్షరం కనబడిందని ఊరంతా అంటోందని చెప్తాడు. చూశావా? చూపు విన్‌త్రాప్ నాటిదే. సంజ్ఞ వెతకడం హాథార్న్ మానలేదు. దాన్ని చదివేవాడి మనసులో ఏముందని అడగడం మొదలుపెట్టాడు. 1692లో సేలంలో మంత్రగత్తెలని పందొమ్మిది మందిని ఉరితీసిన కేసుల్లో విచారణ జరిపిన జాన్ హాథార్న్ ఈయన పూర్వీకుడే. ఇంటిపేరులో ఒక అక్షరం చేర్చుకున్నాడే గాని, ఆ బరువు దిగిపోయిందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ నవల ముందుమాటలో పూర్వీకుల తరఫున సిగ్గు తాను మోస్తానన్నాడు. పరాయివాళ్లని తిట్టేవాడు రాసే రాత కాదు అది, సొంత ఇంట్లో తగువు పడేవాడిది.

ఫ్రాంక్లిన్‌ది ఇంకో దారి, ఆయన గురించి పొడుగ్గా రాయక్కర్లేదు. ప్యూరిటన్ల ఆత్మపరీక్ష లెక్కల పుస్తకాన్ని అలాగే ఉంచి, దేవుణ్ణి కొంచెం పక్కకి జరిపాడు. పదమూడు సుగుణాలకి గళ్లు గీసి, తప్పిన రోజు నల్లచుక్క పెట్టుకున్నాడు. ఎమర్సన్ తరతరాల పాస్టర్ల ఇంటివాడు. 1832లో చర్చి కొలువు వదిలేసి, 1836లో ‘నేచర్’ అచ్చువేశాడు. వేదిక మారింది గాని ప్రసంగం ఆగలేదు.

ఇదంతా సముద్రాల అవతలి సంగతి అనుకుంటున్నావా? నువ్వు వాల్తేరులో ఉన్నావు. అటు విజయనగరం, ఇటు కాకినాడ, రాజమండ్రి. మన ఆధునిక సాహిత్యం ఇలాగే, ఆ మూడూళ్ల మధ్యే పుట్టింది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారిని తీసుకో. మొదట్లో ఆయన పెదవులు తగలని అక్షరాలతో నలచరిత్ర రాసిన పద్యాల గారడీవాడు. సంస్కరణ నమ్మకం పట్టుకున్నాక ఆ గారడీ ఆయనకి పనికిరాలేదు. 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక, తర్వాత ‘రాజశేఖర చరిత్రము’, ప్రహసనాలు, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం. జనానికి అర్థమయ్యే వచనం కావాలి, తప్పుని ఎత్తిచూపే హాస్యం కావాలి, తన జీవితాన్ని తానే సాక్ష్యంగా నిలబెట్టే స్వీయచరిత్ర కావాలి. ఈ మూడూ ఆయన నమ్మకం అడిగినవే, తెలుగులో మూడింటికీ బాట వేసింది ఆయనే.

అదే నమ్మకం చేసిన నష్టమూ చెప్పాలి. తంజావూరు కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’లోని శృంగారాన్ని పంతులుగారు ఈసడించి, ఆమె కులవృత్తినీ ఎత్తిచూపారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయించి, సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగ కవులకి లేవా అని అడిగింది. మరుసటి ఏడాది పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. వీరేశలింగంగారంటే నాకు భక్తి. అయినా ఈ విషయంలో న్యాయం నాగరత్నమ్మ పక్షానే ఉంది.

ఇక గురజాడ. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివేది 1909 నాటి తిరగరాత. మూడేళ్లలో విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్లు జరిగినట్టు మహారాజావారు తీయించిన లెక్క మొదటి ముందుమాటలోనే ఉంది. అంటే సంస్కరణ కోసమే రాసిన నాటకం. తీరా చూస్తే వితంతు వివాహం గురించి అందరికంటే బాగా ఉపన్యసించేది ఎవరు? మాటకారి మోసగాడు గిరీశం! కథని గట్టెక్కించేది ఎవరు? సంస్కర్తలు గడప తొక్కనివ్వని వేశ్య మధురవాణి.

చివరి అంకం మళ్లీ చదువు. సౌజన్యారావు పంతులు మంచివాడు, వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న వకీలు. మధురవాణి మగవేషంలో వస్తుంది. నిర్దోషిని కేసునుంచి కాపాడే రహస్యం చెప్తాను, బదులు ఒక ముద్దు అడుగుతుంది. ఆయన నలిగి నలిగి, ఎదటివాడి ప్రాణం కోసం నియమం తప్పడానికి సిద్ధపడతాడు. అప్పుడు ఆమే ఆపేస్తుంది, చెడని మనిషిని చెడగొట్టనంటుంది. ఎవరి నియమం గొప్పది ఇక్కడ? గురజాడ తీర్పు రాయలేదు. నన్నడిగితే ‘స్కార్లెట్ లెటర్’ నాయిక హెస్టర్ పక్కన కూర్చోబెట్టదగిన స్త్రీ తెలుగులో మధురవాణి ఒక్కతే. నీ పేపరుకి ఇదే గుండెకాయ కావాలి.

తర్వాత కాకినాడ. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1904 నుంచి 1919 దాకా పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలు. బ్రహ్మసమాజి. భోగం మేళాలకి బద్ధశత్రువు. మన గడ్డ మీద ప్యూరిటన్ అనదగిన మనిషి ఉంటే ఆయనే. ఆయన నీడలో చదివినవాళ్లలో దేవులపల్లి కృష్ణశాస్త్రి ఒకరు, చలం ఒకరు. ఒకే ప్రార్థన విన్నారు ఇద్దరూ. కృష్ణశాస్త్రి 1925లో ‘కృష్ణపక్షం’ తెచ్చాడు. అందులో ప్రేయసికి పేరు లేదు, ఊరు లేదు, ఒళ్లు కూడా లేదు. నిరాకారుడైన దేవుణ్ణి పిలిచిన గొంతే ఆమెను పిలిచిందని నాకు తోస్తుంది. చలం 1927లో ‘మైదానం’ రాశాడు. స్త్రీకి ఆత్మ ఉంది, చదువు కావాలి అన్న గురువుల మాటను వాళ్లు ఆపమన్న చోట ఆపకుండా, ఒళ్లూ ఆమెదే అనేదాకా తీసుకుపోయాడు. ఊరు ఆయన్ని వెలివేసినంత పని చేసింది. నీతి లేనివాడన్నారు గాని, నీతి గురించి అంత పట్టుదలగా జీవితమంతా ఆలోచించిన తెలుగు రచయిత ఇంకొకరు లేరు.

బోస్టన్‌కీ మన కాకినాడకీ చుట్టరికం కూడా ఉంది. బ్రహ్మసమాజం పెట్టిన రామమోహన్ రాయ్ రాతల్ని 1820లలోనే బోస్టన్ యూనిటేరియన్లు చదివారు. ఎమర్సన్ వదిలింది వాళ్ల చర్చినే. 1855లో వాళ్ల మనిషి చార్లెస్ డాల్ కలకత్తా వచ్చి దిగాడు. వాల్డెన్ చెరువు మంచుగడ్డలు ఓడల్లో మద్రాసు దాకా పోతాయని థోరో ముచ్చటపడి రాశాడు. అమెరికా నుంచి అలా ఓడల్లో వచ్చిన మంచు దాచిన ఐస్‌హౌస్ మెరీనా ఒడ్డున ఇప్పటికీ ఉంది, ఇప్పుడు దానికి వివేకానందుడి పేరు. ఇది మాత్రం పేపరులో పెట్టకు, అసలు సంగతి పక్కదారి పడుతుంది.

మన భిలాయి కూడా ఒక నమ్మకం మీద కట్టిన ఊరే. 1955లో సోవియట్ ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్రవాళ్లు అమ్మితే కొనుక్కుని, షిఫ్టు దిగాక చదివిన తరం మాది. శ్రీశ్రీ తర్వాతి కవిత్వాన్ని ఆ నమ్మకం ఎలా నడిపిందో ఇంకో ఉత్తరంలో రాస్తాను. సెక్టార్ 5 బాలాజీ గుడి నడిపే సంస్థ పేరు ఆంధ్ర సాహిత్య సమితి. గుడి నడిపేవాళ్ల పేరులో సాహిత్యం ఉండటం నీకెప్పుడూ వింతగా అనిపించలేదా?

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ఆ పట్టిక తీసెయ్. ఏ వాదం ఎప్పుడు మొదలైందని కాకుండా, ఎవరు ఏ ఇంట్లో పెరిగి, ఎక్కడ ఎదురుతిరిగి, ఏది వదల్లేకపోయారని రాయి. హాథార్న్‌ని, గురజాడని పక్కపక్కన పెట్టు. పోలిక కుదరని చోట కుదరలేదని రాయి: వాళ్లది పరాయి గడ్డ మీద దిగిన వలసవాళ్ల మతం, మనది కులం బిగించిన పాత సమాజంలో కొద్దిమంది చదువుకున్నవాళ్ల ఉద్యమం. ఈ తేడా దాచి రాస్తే మేష్టారు ఊరుకున్నా నేను ఊరుకోను.

దసరాకి ఇంటికొచ్చే రైలు విజయనగరం మీదుగానే కదా వస్తుంది. ఒక రోజు ముందు బయల్దేరి అక్కడ దిగి, గురజాడ ఇల్లు చూసి, ఆ రాత్రికి మళ్లీ రైలెక్కు. టికెట్టు డబ్బులు నేను పంపుతాను. తిరగరాసిన పేపరు ప్రింటు తీసి తీసుకురా, ఫోన్లో నేను చదవలేను.

ఆశీస్సులతో,
పెదనాన్న