జిప్సీ బాడీని పైకెత్తితే ఏమేం మార్చాలి?

మాది సత్తెనపల్లి దగ్గర నల్లరేగడి పల్లె. వానాకాలం మా చేలకు పోయే బండ్లబాటలో ట్రాక్టరు తప్ప ఏదీ కదలదు. అందుకే మా పెదనాన్నగారి అబ్బాయి పాత మారుతీ జిప్సీ ఒకటి కొన్నాడు. 1985 చివర్లో మన దేశంలోకి వచ్చిన బండి అది. ఇప్పుడు కొత్తవి దొరకవు. పెద్ద టైర్లు వేయిస్తే అవి మడ్‌గార్డులకు రాసుకున్నాయి. పట్నంలో ఒక మేస్త్రీ బాడీ కింద 3 అంగుళాల పైపు ముక్కలు పెట్టి లేపేశాడు. దసరా సెలవుల్లో నేను కిందికి దూరి చూద్దును గదా, స్టీరింగు షాఫ్టు జాయింటులో పళ్ళు అర అంగుళం మేర మాత్రం పట్టుకొని ఉన్నాయి! "నడుస్తానే ఉందిగా, ఏమవుద్దిరా" అన్నాడు అన్నయ్య. ఆ బండిలోనే వాళ్ళ పిల్లలు రోజూ బడికి పోతున్నారు.

జిప్సీలో ఛాసిస్ వేరు, బాడీ వేరు. రెంటి మధ్య రబ్బరు బుష్షులుంటాయి, బోల్టులతో బిగిస్తారు. ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు, పెట్రోలు ట్యాంకు, స్టీరింగు బాక్సు ఛాసిస్‌నే అంటిపెట్టుకుంటాయి. స్టీరింగు చక్రం, రేడియేటరు, బ్రేకు మాస్టర్ సిలిండరు, పెట్రోలు పోసే మూతి బాడీతో పైకి లేస్తాయి. రెండు పక్షాలకూ మధ్య ఉన్న ప్రతి గొట్టం, తీగ, కడ్డీ సాగవలసిందేనన్నమాట.

వీటిలో ప్రాణంమీదికి తెచ్చేది స్టీరింగు షాఫ్టు. బాడీ లేచిన కొద్దీ పళ్ళ పట్టు తగ్గుతుంది. సరైన పొడిగింపు ముక్క వేసి, చక్రాన్ని రెండు కొసలకూ తిప్పి చూడాలి. ఆ షాఫ్టును మామూలు వెల్డింగుతో అతికించి వాడటం మాత్రం నేను ఒప్పుకోను. తర్వాత రేడియేటరు: అది పైకి పోతే ఫ్యాను రెక్కలు కింద డొప్పకు తగులుతాయి, కాబట్టి లేపినంత మేరా దాన్ని కిందికి దించి బిగించాలి. గేరు రాడ్లు ఫ్లోరులో కూరుకుపోయినట్లయి, రంధ్రం అంచుకు తగిలి గేరు పూర్తిగా పడదు. పెట్రోలు గొట్టం, బ్రేకు పైపులు, క్లచ్ కేబులు, ఎర్త్ తీగ బిగుసుకోకుండా చూసుకోవాలి. బంపరు దగ్గర కనబడే సందు అందానికి సంబంధించినది, వదిలేయవచ్చు.

ముక్కల ఎత్తు 2 అంగుళాలు దాటనివ్వకూడదని నా అభిప్రాయం. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బాడీ ముందుకు తోస్తుంది; ఆ బలాన్ని ముక్క ఎత్తుతో గుణిస్తే బోల్టును వంచే భ్రామకం వస్తుంది. ఎత్తు 2 నుంచి 3 అయితే వంపు ఒకటిన్నర రెట్లు! బోలు పైపు కాక గట్టి అల్యూమినియం దిమ్మ, పొడవైన హైటెన్సైల్ బోల్టు వాడాలి. పాత రబ్బర్లు తీసేయకూడదు.

మరి లాభమెంత? బాడీ లేపితే ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ ఒక్క వెంట్రుకవాసి కూడా లేవదు. లేపేది టైరే. 205/70 ఆర్ 15 టైరు వ్యాసం 66.8 సెం.మీ.; 235/75 ఆర్ 15ది 73.4. వ్యాసంలో సగమే లెక్క, అంటే 3.3 సెం.మీ. దీనికోసం ఇంత తతంగం! పైగా స్పీడోమీటరు 50 చూపితే బండి 55లో పోతుంటుంది.

గరిమనాభి సంగతి గడ్డిబండి తోలినవాడికి చెప్పనక్కర్లేదు. చక్రాల మధ్య దూరంలో సగం 65 సెం.మీ., గరిమనాభి ఎత్తు 60 అనుకుందాం. బండి 47 డిగ్రీల వాలు వరకూ నిలుస్తుంది. బరువులో సగం బాడీదే అనుకుని 5 సెం.మీ. లేపితే నాభి రెండున్నర లేస్తుంది, వాలు 46కు తగ్గుతుంది. ఒక్క డిగ్రీయే కదా అనిపిస్తుంది గాని, పెద్ద టైర్లు, పైన కూర్చున్న మనుషులు ఆ లెక్కలో లేరు.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది.

చివరికి అన్నయ్యా నేనూ రెండు రోజులు కూర్చుని ఆ పైపు ముక్కలన్నీ పీకేశాం. పాత కొలత టైర్లే మళ్ళీ ఎక్కాయి. షాఫ్టు పళ్ళు పూర్తిగా దిగాయో లేదో వదినే టార్చిలైటు పట్టుకొని చూసింది.