ధ్యాసను అరికాళ్ల దాకా దించు

చిరంజీవి చిన్నారికి,

రోజూ పొద్దున్నే ఫోన్‌లో యాప్ పెట్టుకుని ధ్యానానికి కూర్చుంటున్నా ఒంట్లో ఉన్నట్టే అనిపించడం లేదని, నిన్ను నువ్వే పైనుంచి చూస్తున్నట్టు ఉంటోందని రాశావు. ధ్యానం నీకు పడదేమోనని కూడా అడిగావు. నాకలా అనిపించడం లేదు తల్లీ. నువ్వు గమనిస్తూనే ఉన్నావు, కాకపోతే దూరంగా నిలబడి గమనిస్తున్నావు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కాలి గురించి ఆలోచించడం వేరు, కాలు తెలియడం వేరు. ఈ ఉత్తరం చదువుతూనే కుడి అరికాలి మీద ధ్యాస పెట్టు. ముందు మనసులో అరికాలి బొమ్మ కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ బొమ్మను వదిలెయ్. మడమ మీద బరువు ఎంత పడుతోంది? నేల చల్లగా ఉందా? వేళ్ల సందుల్లో చెమట తగులుతోందా? బొమ్మ తలలో తయారవుతుంది. ఆ చల్లదనం మాత్రం నువ్వు కాలిదాకా దిగితేనే తెలుస్తుంది. ఒంట్లో ఉండడమంటే ఇంతే. దీనికి కళ్లు మూసుకోవాల్సిన పని కూడా లేదు.

ఇన్నేళ్లు పిల్లలకు కూచిపూడి నేర్పినదాన్ని కనుక గట్టిగా చెబుతున్నాను. తరంగం చేసేటప్పుడు ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి, తాళం తప్పకుండా ఆ పళ్లేన్ని కదుపుకుంటూ నడవాలి. కిందికి చూసుకోవడానికి వీల్లేదు, చూపు అభినయంలో ఉండాలి. పళ్లెం ఎటు ఒరుగుతోందో అరికాలే చెప్పాలి. అందుకే నేను కొత్త పిల్లల చేత అద్దం ముందు సాధన చేయించను. అద్దంలో బొమ్మను సరిదిద్దుకోవడం అలవాటైన పిల్లకు మోకాళ్లు వంచి నిలిచే అరమండిలో బరువు రెండు పాదాల మీదా సమంగా పడిందో లేదో లోపలి నుంచి తెలియదు. నీ ఉద్యోగంలో వీడియో మీటింగుల నిండా నీ ముఖమే నీకు ఎదురుగా ఉంటుంది కదా, అదీ అద్దమే. రోజంతా నిన్ను నువ్వు బయటినుంచి చూసుకుని, పొద్దున్నే కళ్లు మూసుకోగానే లోపలికి రమ్మంటే మనసు ఎలా వస్తుంది? అదే చూపును ధ్యానంలోకీ తెచ్చుకుంటుంది. వీలైన మీటింగుల్లో నీ బొమ్మ నీకు కనిపించకుండా పెట్టుకో.

ఈ ఒళ్లు నాదే అన్న భావన కదలకుండా స్థిరంగా ఉంటుందని అనుకుంటాం. అది అలా ఉండదని 1998లో బోట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. మనిషి చేతిని తెర చాటున దాచి, కళ్లెదుట రబ్బరు చెయ్యి పెట్టి, రెంటినీ ఒకేసారి కుంచెతో నిమిరారు. కాసేపటికి ఆ స్పర్శ రబ్బరు చేతికే తగులుతున్నట్టు, ఆ చెయ్యి తమదే అయినట్టు చాలామందికి అనిపించింది. కంటికి కనిపించేదాన్నీ చర్మానికి తగిలేదాన్నీ కలిపి మెదడు ఎప్పటికప్పుడు మన ఒంటిని మనకు అందిస్తోందన్నమాట. గుండె, ఊపిరి, కడుపు పంపే కబుర్లు కూడా ఇందులో చేరతాయి. కాబట్టి నీకు కలిగిన అనుభవం వింతేమీ కాదు. భయపడకు.

ఎరుక ఒంటి నుంచే మొదలవ్వాలన్న సంగతి పాతవాళ్లకు బాగా తెలుసు. పాళీలోని బౌద్ధ బోధ సతిపట్ఠాన సుత్తంలో ఎరుక నిలపాల్సిన చోట్లు నాలుగు చెప్పారు. అందులో మొదటిది శరీరం, మనసు మూడోది. ఊపిరితో మొదలుపెట్టి నడక, నిలబడడం, కూర్చోవడం, పడుకోవడం, తినడం, బట్ట కట్టుకోవడం దాకా అన్నీ అందులో వస్తాయి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో జాన్ కబట్ జిన్, ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడే రోగులకు నేర్పడం మొదలుపెట్టిన పద్ధతిలోనూ పడుకుని, ఎడమకాలి వేళ్ల దగ్గరి నుంచి ఒళ్లంతా తెలుసుకుంటూ రావడం ముఖ్యమైన సాధన.

నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన కేంద్రంలో పదిరోజుల శిబిరానికి వెళ్లమంటావా అని అడిగావు. అక్కడ నేర్పే గోయెంకాగారి పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. మొదట ముక్కు దగ్గర ఊపిరిని పట్టుకుని, తర్వాత తల నుంచి పాదాల దాకా అనుభూతులను చూడడం చక్కటి క్రమం. అయినా ఇప్పుడు వద్దు. ఒంట్లో కుదురుగా లేని స్థితిలో అన్ని రోజులు మౌనంగా కూర్చోవడం భారమవుతుంది. ముందు నువ్వు కుదుటపడాలి.

ప్రస్తుతానికి కళ్లు మూసుకునే ధ్యానం ఆపెయ్. పొద్దున చెప్పుల్లేకుండా డాబా మీద నడువు. పాదం ఎత్తడం, ఆనించడం, బరువు మారడం, ఇవి తెలిస్తే చాలు. స్నానం చేసేటప్పుడు మొదటి చెంబు నీళ్లు భుజం మీద ఎలా పడ్డాయో గమనించు. అన్నం చేత్తో కలుపుకుని తిను, వేళ్లకు వేడి తెలియనివ్వు. గుండె దడ మీద మాత్రం ధ్యాస పెట్టకు. కంగారులో ఉన్న మనిషి గుండెచప్పుడు వింటూ కూర్చుంటే కంగారు పెరుగుతుంది. అలాంటప్పుడు అరచేతులు బల్లకు ఆనించి, కళ్లు తెరిచి గదిలో వస్తువులను చూడు. ధ్యాస ఊరికే జారిపోతుంది. జారినప్పుడల్లా నిన్ను తిట్టుకోకుండా మళ్లీ పాదం దగ్గరికి రా.

ఇంకొక్క మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకు. నిద్ర చాలనప్పుడు, అలసిపోయినప్పుడు ఒంట్లో లేనట్టు అనిపించి పోతే ఫరవాలేదు. రోజులు గడిచినా వదలకపోయినా, చుట్టూ ఉన్న లోకం నిజం కానట్టు అనిపిస్తున్నా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. నిన్ను నువ్వే బయటినుంచి చూస్తున్నట్టు ఉండడం డీపర్సనలైజేషన్ అని వాళ్లకు తెలిసిన స్థితే. నయం చేసే దారులు వాళ్ల దగ్గర ఉన్నాయి. ఒక్కదానివే వెళ్లడానికి జంకుగా ఉంటే చెప్పు, నేను వచ్చి నీతో కూర్చుంటాను. అమ్మకు ఎలా చెప్పాలో కూడా నేనే చూసుకుంటాను.

ఈ వారం ఈ చిన్న పనులు చేసి చూడు. జవాబులో ఎంతసేపు సాధన చేశావో లెక్క రాయొద్దు. నీ కాళ్లకూ చేతులకూ ఏం తెలిసిందో రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ