గోల్కొండ కోటలో గోల్ఫ్ క్రీడ

విద్యార్థులారా! మార్కాపురం, గిద్దలూరు ప్రాంతముల వారమగు మనకు గోల్ఫ్ పరిచితమైన ఆట కాదు. బంతిని కర్రతో కొట్టి, వరుసగా 18 గుంటలలో పడవేయుటయే ఈ క్రీడ. గోల్కొండను చూడబోవువారు, ఆ కోటలోను ఇట్టి మైదానము కలదని తెలిసికొనవలెను.

1656లో మొగలుల దాడి అనంతరము అబ్దుల్లా కుతుబ్ షా కోటను విస్తరింపజేసెను. ఆ భాగమే నయా ఖిలా. అందు ముల్లా ఖయాలీ మసీదు, ‘హత్తియాన్ కా ఝాడ్’ అను ఆఫ్రికా జాతి మహావృక్షము కలవు. ఆధునిక కాలమున అచ్చటనే హైదరాబాదు గోల్ఫ్ క్లబ్బు మైదానము వెలసినది. గోల్కొండ మాస్టర్స్ పోటీలో దేశమందలి వృత్తి క్రీడాకారులు ఇచట తలపడిరి. కాని చారిత్రక భూమి ఆటస్థలమగుట తగునా యను వివాదము న్యాయస్థానమునకెక్కినది.

స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ ప్రాచీన మైదానమును గమనింపుడు. 1873లో తొలిసారి ఓపెన్ పోటీ అచట జరిగినది. 2022లో 150వ ఓపెన్‌కును అదియే వేదిక. అయినను అది ప్రజల సొత్తు. సాధారణముగా ఆదివారము ఆట నిలిపి, పౌరులను స్వేచ్ఛగా తిరుగనిత్తురు.

మైదానపు కీర్తికి పోటీలు మాత్రమే కొలమానము కావు. నయా ఖిలాలోని మసీదుకును, వృక్షమునకును పోవు బాట సామాన్యునికి ఎల్లవేళల తెరచియుండవలెనని మేము కోరుచున్నాము.