పార్కులో తొంభై, పక్కమీద పాతిక

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. రోజూ తెల్లారి నాగేశ్వరరావు పార్కులో బెంచీ మీద కూర్చుని, ఛాతీకి బెల్టు కట్టుకుని, ఫోన్లో బుడగ ఉబ్బితే గాలి పీలుస్తూ, తగ్గితే వదులుతూ పది నిమిషాలు సాధన చేస్తాను. అప్పుడు హెచ్‌ఆర్‌వీ 90 దాకా పోతుంది. మర్నాడు పక్క దిగకముందు చూస్తే 25! మా అబ్బాయి నోట్‌బుక్కులో రాసి పెట్టమన్నాడు. ఏది రాయాలి? బెల్టు పాడైందా?
– ఒక పాఠకుడు, మైలాపూరు

జవాబు: బెల్టుకేమీ కాలేదండీ. అమృతాంజనం పంతులుగారి పార్కు మహిమా కాదు. హెచ్‌ఆర్‌వీ అంటే ఒక గుండె చప్పుడుకూ మరో చప్పుడుకూ మధ్య వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గుల కొలత. మణికట్టు మీద వేళ్లు పెట్టి నిదానంగా ఊపిరి పీల్చండి. నాడి కాస్త తొందరపడుతుంది. వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. శరీరశాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లోనే దీన్ని కాగితం మీద గీయించాడు. బుడగ మీచేత నిమిషానికి ఆరు శ్వాసలు తీయిస్తోందనుకుంటాను, అంటే ఒక్కోదానికి 10 సెకన్లు. రక్తపోటును సర్దే ఏర్పాటు కూడా దాదాపు అదే లయలో ఊగుతుంది. ఉయ్యాల వెనక్కొచ్చిన క్షణానికే తోస్తే ఊపు పెరగదూ? మీ 90 ఆ ఊపే. 2001లో ఇటలీ వైద్యుడు బెర్నార్డీ బృందం పరీక్షిస్తే, జపమాల ప్రార్థనా యోగ మంత్రమూ రెండూ ఊపిరిని ఈ ఆరు దగ్గరికే తెచ్చాయి. కపాలి గుళ్లో బామ్మగారికీ, శాంథోమ్ చర్చిలో రోజరీ తిప్పే ఆవిడకీ బెల్టు అక్కర్లేదన్నమాట.

ఇక నోట్‌బుక్కు. పరిశోధకులకూ ఇదే తలనొప్పి. ఊపిరి వల్ల వచ్చే ఊగిసలాటను వాళ్లు మామూలుగా 0.15 నుంచి 0.4 హెర్ట్జ్ మధ్య వెతుకుతారు, అంటే నిమిషానికి 9 నుంచి 24 శ్వాసలు. మీరు ఆరుకు దిగేసరికి అది 0.1 దగ్గరికి, పక్క గడిలోకి జారిపోతుంది. అక్కడి ఎత్తు చూసి ‘టెన్షన్ పెరిగింది’ అనేవాళ్లూ ఉన్నారు! అందుకని రాసుకోవాల్సింది పొద్దుటి అంకె. కాఫీకి ముందు, రోజూ ఒకే భంగిమలో, 5 నిమిషాలు, బుడగ లేకుండా. ఎన్ని శ్వాసలు తీశారో పక్కన వేయండి. పార్కు అంకెకు వేరే గడి కేటాయించండి. రెంటికీ సగటు మాత్రం కట్టకండి. మీ వయసుకు 25 చూసి బెంగపడక్కర్లేదు. నాడి మధ్యమధ్య దాటేస్తున్నట్టుంటే మాత్రం ఈసీజీ తీయించండి. లయ తప్పినా ఈ అంకె పెరుగుతుంది, అది మంచి పెరుగుదల కాదు.

ప్రశ్న: యోగాచార్యులు కృష్ణమాచార్యగారు గుండె ఆపేవారని మా నాన్నగారు చెప్పేవారు. నిజమా?
– ఒక పాఠకురాలు, మందవెళి

జవాబు: 1935లో ఫ్రెంచి వైద్యురాలు తెరీజ్ బ్రోస్ ఈసీజీ యంత్రంతో వచ్చి పరీక్షించిన యోగుల్లో ఆయనా ఉన్నారు. తర్వాత వెంగర్, బాగ్చీ, ఆనంద్ అనే పరిశోధకులు ఆయనతోపాటు మరికొందరిని పరీక్షించి 1961లో ఫలితాలు అచ్చేశారు. ఊపిరి బిగబట్టి కడుపూ ఛాతీ గట్టిగా బిగిస్తే గుండెకు చేరే రక్తం తగ్గుతుంది. నాడి చేతికందదు, స్టెతస్కోపులో చప్పుడూ సన్నగిల్లుతుంది. ఈసీజీ సూది మాత్రం గీస్తూనే ఉంది.