గోదావరి యొడ్డు చిత్రకారుడు

రామచంద్రపురము చుట్టుపట్ల పొలములను తడుపు నీరు ధవళేశ్వరము ఆనకట్టనుండి కాలువలగుండ వచ్చును. ఆనకట్టను చేరుటకు మున్ను ఆ నీరు రాజమహేంద్రవరము రేవుల నొరసికొని పారును. అచ్చట నది మిక్కిలి వెడల్పు. ఆవలి యొడ్డున కొవ్వూరు కనబడును. వేసవిలో ఇసుకతిన్నెలు తేలును. వరదల కాలమున ఎఱ్ఱనీరు ఒడ్డులను ముంచును. నూరేండ్లకు పూర్వము ఆ నీటిపై తెరచాప పడవలు బారులు తీరి సాగెడివి. ఇట్టి దృశ్యమును చూచువారు వేలకొలది, చిత్రించువారు అరుదు.

నీటిని, నావలను చిత్రించుటయే వృత్తిగా గైకొన్నవారు ఐరోపాఖండమున పలువురు కలరు. జర్మనీ దేశపు విల్లీ ష్టోవర్ (1864–1931) అట్టివాడు. 1912లో టైటానిక్ ఓడ మునిగినపుడు ఇతడు గీచిన బొమ్మ మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. అయితే ఆ ప్రమాదమును ఇతడు కన్నులార చూచినవాడు కాడు. ఆ ఓడకు గల నాలుగవ గొట్టమునుండి పొగ వెడలెడిది కాదు. బొమ్మలో మాత్రము దానినుండియు పొగ వెడలుచుండును! మన గోదావరికి లభించిన చిత్రకారుడు దామెర్ల రామారావు. ఇతడు పుట్టి పెరిగినది ఆ నది యొడ్డుననే.

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. పాఠ్యపుస్తకములకంటె బొమ్మలమీదనే అతనికి మక్కువ. ఇట్టి బాలుని మందలించువారే పెక్కుమంది యుందురు. రామారావు అదృష్టమేమన, ఆ కాలమున ఆ పట్టణపు ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాచార్యుడుగా నుండెను. కూల్డ్రే స్వయముగ చిత్రకారుడు, రచయిత. తర్వాత నవలాకారుడుగ పేరొందిన అడివి బాపిరాజు, కవి కవికొండల వెంకటరావు ఆయన శిష్యులే. బాలుని చేతిలోని నేర్పును ఆయన గుర్తించెను, బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేర్పించి, ధనసహాయము కూడ చేసెను. పరాయి దేశమునుండి వచ్చిన అధికారి ఒక తెలుగు బాలునియెడ చూపిన యీ వాత్సల్యము తలచుకొనదగినది.

బొంబాయిలో నేర్పినది పాశ్చాత్య పద్ధతి. మనుష్యుని ఎదుట నిలిపి, ఎముకల కూర్పు, వెలుగునీడలు తప్పకుండ వ్రాయవలెను. వంగదేశపు చిత్రకారులు అప్పటికే వేఱొక మార్గము త్రొక్కి, అజంతా, మొగలు చిత్రములను ఆదర్శముగ గొనిరి. రెండింటిలో ఏదో ఒకదానిని అనుకరించి పేరు గడించుట రామారావునకు సులభమే. అతడట్లు చేయలేదు. శరీరనిర్మాణజ్ఞానమును బొంబాయినుండి గైకొని, రూపములను మాత్రము తన నేలనుండి తెచ్చుకొనెను. అతని చిత్రములలోని స్త్రీలు గోదావరి తీరపు స్త్రీలు. వారి మేనిచాయ, నిలుచు తీరు, కొప్పు ముడి మనకు తెలిసినవే. ‘పుష్పాలంకారము’ అను చిత్రము ఇందులకు తార్కాణము.

పురాణకథను చిత్రించినను అతని రీతి యిదియే. అంగదేశమున వానలు లేక కఱవు వచ్చినపుడు, స్త్రీలనే ఎఱుగని ఋశ్యశృంగుని వేశ్యలు వలపించి నగరమునకు తోడ్కొనివచ్చిరనియు, అతడు అడుగిడగనే వాన కురిసెననియు కథ. రామారావు చిత్రించిన ‘ఋశ్యశృంగ బంధనము’ 1922లో కలకత్తా ప్రాచ్యకళాసంఘపు ప్రదర్శనమున వైస్రాయి బహుమతి నందెను. అప్పటి కతని వయస్సు 25 ఏండ్లు మాత్రమే.

బహుమతికంటె అతనికి ప్రియమైనది మఱొకటి కలదు. తనకు దొరకిన విద్య ఇతరులకును దొరకవలెనని యెంచి, అతడు రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పెను. అతని భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. ఆ దినములలో గృహిణులు చిత్రకారిణులగుట సామాన్యవిషయము కాదు.

ఇంతలో మశూచి సోకెను. నేడు ఆ వ్యాధి లోకమున లేదు. 1980లో అది సమసిపోయినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. ఆనాడు మాత్రము అది ఇంటింటి భయము. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన, ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు నెలదినములు కొరతపడగనే, రామారావు కన్నుమూసెను. అతడు చిత్రకారుడుగ గడిపినది పట్టుమని పదేండ్లు కూడ లేదు. ఆ కొలదికాలముననే 30కి పైగా తైలవర్ణ చిత్రములు, 100కు మించిన నీటిరంగుల చిత్రములు, రేఖాచిత్రములతో నిండిన పుస్తకములు మిగిల్చిపోయెను.

కళాశాల అతనితో అంతరింపలేదు. మిత్రుడు వరద వెంకటరత్నము దానిని నిలబెట్టి, శిష్యులను తీర్చిదిద్దెను. రామారావు చిత్రములు రాజమహేంద్రవరమున అతని పేర వెలసిన చిత్రశాలలో నున్నవి. రామచంద్రపురమునుండి అచ్చటికి ఒక పూటలో పోయి రావచ్చును. పోయినవారు ప్రఖ్యాతమైన పెద్ద చిత్రములతో తృప్తిపడక, గోదావరిని, తూర్పు కనుమలను చూపు ప్రకృతి చిత్రములయెదుట కూడ కొంతసేపు నిలువవలెను. పిమ్మట రేవునకు పోయి నదిని చూడవచ్చును.