డిజిటల్ గ్రంథాలయములో పుస్తకమును వెదకుట

గ్రంథాలయమున పుస్తకము ఉండుట వేరు. అది కోరినవారికి దొరకుట వేరు. ఈ రెంటి నడుమ గల దూరమును తగ్గించుటయే గ్రంథసూచి చేయు పని. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రములలో నాల్గవది, పాఠకుని కాలమును వృథా చేయరాదని చెప్పుచున్నది. పుస్తకములు కంప్యూటరులో చేరిన ఈ కాలమునకును ఆ సూత్రము వర్తించును.

స్కానరుతో తీసిన ప్రతి పుటయు ఒక చిత్రము మాత్రమే. అందు కవి ఎవరో, ప్రచురణకర్త ఎవరో ఆ చిత్రము తనంతట తాను చెప్పదు. ఆ వివరములను వేరుగా వ్రాసి చేర్చవలెను. వీనినే మెటాడేటా అందురు. పూర్వము గ్రంథాలయపు సొరుగులలో ఉండెడి కార్డులే దీనికి మూలరూపము. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ 1960ల దశకమున ‘మార్క్’ పద్ధతిని రూపొందించి, ఆ కార్డును యంత్రము చదువగల రూపమునకు తెచ్చెను. అందు 100వ సంఖ్య గల గడి రచయితకు, 245వది గ్రంథనామమునకు కేటాయింపబడినవి. ఒహాయో రాష్ట్రములోని డబ్లిన్‌లో 1995లో జరిగిన సమావేశముతో ఆరంభమైన ‘డబ్లిన్ కోర్’ పద్ధతి ఇంకను సులభము. అందు 15 అంశములే కలవు.

ఇన్ని గడులు ఎందుకని అడుగవచ్చును. ‘వేమన’ అని వెదకినచో వేమన పద్యములు కావలెనా, వేమనపై వచ్చిన విమర్శ కావలెనా? మొదటిదానిలో వేమన రచయిత, రెండవదానిలో విషయము. గడులు వేరుగా ఉన్నప్పుడే యంత్రమునకు ఈ భేదము తెలియును.

రచయిత పేరును ప్రతి గ్రంథము కడను మరల మరల వ్రాయుట మంచిది కాదు. పిఠాపురపు కవిగారి పేరును ఒకరు ‘ఉమర్ ఆలీషా’ అనియు, మరొకరు ‘ఉమర్ అలీషా’ అనియు వ్రాసినచో ఒక కవి ఇద్దరగును. కావున రచయితల పట్టికను వేరుగా ఉంచి, ఒక్కొక్కరికి ఒక సంఖ్య నిచ్చి, పేరులోని రూపభేదము లన్నింటిని ఆ సంఖ్య క్రిందనే చేర్చవలెను. గ్రంథవివరమున ఆ సంఖ్య ఉన్నచో చాలును.

ఇక వెదకుట. కంప్యూటరు లక్ష గ్రంథవివరములను ఒక్కొక్కటిగా తిరుగవేయదు. పుస్తకము చివర నుండు పదసూచివలె, ప్రతి పదమునకు ఎదుట అది గల గ్రంథముల సంఖ్యలను ముందుగనే వ్రాసి ఉంచుకొనును. అయితే అది అక్షరపు ఆకృతిని గాక సంకేతమును చూచును. ఉర్దూలో ‘దీవాన్’ అను పదమునందలి ‘యే’కు యూనికోడ్‌లో అరబీ సంకేతమొకటి, ఉర్దూ, ఫారసీలకు తగిన సంకేతము వేరొకటి కలవు. పదమధ్యమున రెండును ఒకే తీరుగ కనబడును; యంత్రమునకు మాత్రము వేరు. తెలుగున ‘వాఁడు’, ‘వాడు’ అను రూపములును ఇట్టివే. అందుచేత ముఖపత్రమున ఉన్న రూపమును యథాతథముగా ఒక గడిలో భద్రపరచి, వెదకుటకై సవరించిన రూపమును మరొక గడిలో ఉంచవలెను.

కాలనిర్ణయము మరింత జాగ్రత్త కోరును. హైదరాబాదులో అచ్చయిన పాత ఉర్దూ పుస్తకముపై 1318 అని ఉన్నదనుకొందము. అది హిజ్రీ అయినచో క్రీ.శ. 1900–01, ఫస్లీ అయినచో 1908–09. తెలుగు పుస్తకముపై ‘ప్రభవ’ అని మాత్రమే ఉన్నచో అది 1867 కావచ్చును, 1927 కావచ్చును, 1987 కావచ్చును. కాగితమును, అచ్చును, పీఠికను చూచి నిర్ణయింపవలసినవాడు మనుష్యుడే.

యంత్రము వెదకగలదు; కాని తప్పుగా వ్రాసిన దానిని తప్పుగానే వెదకును. పేరు తప్పిన గ్రంథము, కంప్యూటరులో ఉండియు, పరిశోధకునికి అలభ్యమే. మూలప్రతి శిథిలమైనచో ఆ రచయిత శ్రమ మరుగున పడినట్లే. మన విద్యార్థులలో ఉర్దూ, తెలుగు రెండును చదువగలవారు కలరు. రెండు లిపులను, రెండు మూడు సంవత్సర గణనలను ఎరిగిన అట్టివారే ఈ పనికి తగినవారు. సెలవులలో మీ ఇంటి అలమరలోని ఒక పాత పుస్తకమునకు ఆ 15 అంశములను వ్రాసి చూడుడు. పని ఎంత కష్టమో, ఎంత అవసరమో మీకే తెలియగలదు.