కోరలున్నదల్లా పులి కాదు

ఎలుక కుంతకాలు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. అందుకే అది గాదె చెక్కనైనా కొరికి వాటిని అరగదీస్తుంది. పిల్లి కోరలు, అంటే రదనికలు, కొంత పెరిగి ఆగిపోతాయి. ఎలుక పళ్లలా ఎడతెగక పెరిగే కోరలుగల ఒక మాంసాహారి ఒకప్పుడు దక్షిణ అమెరికాలో ఉండేది. దాని పేరు థైలకోస్మైలస్.

1926లో అర్జెంటీనాలోని కటమార్కా ప్రాంతంలో ఎల్మర్ రిగ్స్ నాయకత్వాన వెళ్లిన చికాగో ఫీల్డ్ మ్యూజియం బృందానికి దీని శిలాజాలు దొరికాయి. 1933లో రిగ్స్ దీనికి పేరు పెట్టారు. గ్రీకు భాషలో ‘థైలకోస్’ అంటే సంచి, ‘స్మైలే’ అంటే కత్తి.

ఇది ఎవరి చుట్టం?

చూపుకు ఇది కత్తికోరల పిల్లి స్మైలోడాన్‌ను పోలి ఉంటుంది. కాని స్మైలోడాన్ పిల్లుల వంశానిది. థైలకోస్మైలస్ స్పారసోడాంట్లనే శాఖకు చెందింది. ఈ శాఖ మార్సూపియల్స్‌కు, అంటే కంగారూ వంటి సంచి జంతువులకు, దాయాది. దీన్ని పళ్లే చెబుతాయి. మార్సూపియల్స్‌కూ వాటి దాయాదులకూ సాధారణంగా దవడకు ఒక్కో పక్క నాలుగేసి చర్వణకాలు ఉంటాయి. మనకు, జ్ఞానదంతంతో కలిపి, మూడే.

మన కళింగపట్నం తీరాన వలలో పడే సొరచేపకూ, సముద్రంలో ఎగిరే డాల్ఫిన్‌కూ ఆకారం ఒకటే. కాని మొదటిది చేప, రెండవది క్షీరదం. వేర్వేరు వంశాల జీవులకు ఇలా ఒకే పోలిక రావడాన్ని ‘అభిసారి పరిణామం’ అంటారు.

పోలిక ఉంటే పనీ ఒకటేనా?

చాలాకాలం అలాగే అనుకున్నారు. 2020లో క్రిస్టీన్ జేనిస్ బృందం రెండు పుర్రెలనూ పోల్చి చూసింది. స్మైలోడాన్ కోర కత్తిలా పలచన. థైలకోస్మైలస్ కోరను అడ్డంగా కోస్తే ముక్కోణంగా ఉంటుంది. దీని కాటులో బలం తక్కువ. పై దవడలో కుంతకాలున్న జాడ లేదు. కాబట్టి ఇది వేటను పొడిచి చంపేది కాదనీ, చచ్చిన జంతువుల పొట్ట చీల్చి మెత్తని పేగులూ కాలేయమూ తినేదనీ ఆ బృందం సూచించింది. ఇది ఊహే అయినా ఎముకల కొలతలపై నిలిచిన ఊహ.

స్మైలోడాన్ వచ్చి దీన్ని ఓడించిందనే కథ కూడా నిలవలేదు. సుమారు 30 లక్షల ఏళ్ల కిందటే ఇది అంతరించింది. స్మైలోడాన్ అక్కడికి చేరింది ఆ తరవాతే.

ఆలోచించండి

1. గబ్బిలానికీ కాకికీ రెక్కలున్నాయి. అవి చుట్టాలా?
2. ఒక శిలాజాన్ని చూసి ‘ఇది వేటాడేది’ అని చెప్పాలంటే కోరలు కాక ఇంకేమేమి పరీక్షించాలి?